నీళ్లు మరీ తేటగా ఉన్నాయని

నాకు నోరెక్కువని విజయవాడ గవర్నర్‌పేటలో మా అక్వేరియం షాపు మొత్తానికి తెలుసు. కస్టమర్ల ఇళ్లకు వెళ్లి, "మీ చేప దానంతటది చావలేదండీ, మీరే చంపారు" అని మొహం మీదే చెప్పిన రోజులున్నాయి. మా ఓనరు గారు నెత్తీ నోరూ కొట్టుకునేవారు. అయినా పనిలోంచి తీసెయ్యలేదు. ఊళ్లో ఉప్పునీటి తొట్లు, అందులోనూ బతికున్న పగడాలు పెంచే తొట్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. వాటికి సర్వీసు చేసేది నేనొక్కదాన్నే.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలూ అబ్బాయిలూ ఫోన్ చేసి, ఏ లైటు కొనాలి, ఏ ఉప్పు మంచిది అని అడుగుతుంటారు. అవన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి నాయనా. అక్కడ దొరకనిది ఏమిటంటే, తొట్టి ఉన్న ప్రతి ఇంట్లో మనుషులు కూడా ఉంటారు. వాళ్ల చేతులు ఊరుకోవు. నా సర్వీసులో రోగమొచ్చి పోయిన పగడాల కంటే, ఇంట్లోవాళ్ల ప్రేమ తట్టుకోలేక పోయినవే ఎక్కువ. అందులో ఒక ఇంటి సంగతి చెప్తాను.

షాపులో చేరక ముందు చాలా ఏళ్లు కైకలూరు దగ్గర ఒక ల్యాబులో పనిచేశాను. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబు. తెల్లారేసరికి రైతులు నీళ్ల సీసాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. ఉప్పు ఎంతుందో, అమ్మోనియా ఉందో లేదో చెప్పి పంపేదాన్ని. ఆ ల్యాబు మూతపడ్డాక విజయవాడ వచ్చాను. రోజూ నీళ్లు చూసిన చెయ్యే కాబట్టి పగడాల పని తొందరగానే వంటబట్టింది.

పగడం అంటే చాలామందికి ఉంగరంలో ఎర్రరాయి. బతికున్న పగడం రాయి కాదు, వేల చిన్న చిన్న జంతువుల కాపురం. ఒక్కొక్కటీ గుండుసూది తలంత ఉంటుంది. లైటు పడితే చేతులు చాపుతాయి, బెదిరితే ముడుచుకుంటాయి. వాటి ఒంట్లోనే నాచు లాంటిది ఉండి, వెలుతురుతో వండుకుని, వాటికీ ఇంత పెడుతుంది. అందుకే నీళ్లు అద్దంలా ఉండాలి, వెలుతురు అడుగుదాకా దిగాలి. మన సముద్రంలోంచి పగడం పీకడం నేరం, అది ముందు గుర్తుపెట్టుకోండి. మా షాపుకి బయటి దేశాల ఫారాల్లో పెంచిన ముక్కలు కాగితాలతో సహా వచ్చేవి. కాగితం లేని ముక్కని మా ఓనరు గారు గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయనకి దణ్ణం పెట్టాలి.

గుణదలలో ఒక మేడమ్ గారుండేవారు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. సర్వీసంతా బోర్డు మీద రంగు చాక్‌పీసులతో పగడం బొమ్మ వేసి పాఠం చెప్పారట. ల్యాబులో మందు సీసాలో తెల్లగా పాలిపోయిన ముక్క ఒకటి ఉండేదట, ఏటా పిల్లలకి దాన్నే చూపించేవారట. "ఇన్నేళ్లు శవాన్ని చూపించి ప్రాణం గురించి చెప్పానమ్మా. బతికున్నదాన్ని ఒక్కసారి నా కళ్లతో చూడాలి" అన్నారు నాతో, షాపుకి వచ్చిన మొదటి రోజు.

ఆమెకి తొట్టి పెట్టించి, ముందుగా ఇచ్చింది తోలు పగడం. చూడ్డానికి పుట్టగొడుగులా ఉంటుంది. మెత్తటి తోలు మీద నిండా సన్నటి చేతులు. బొటనవేలి గోరంత ముక్క ఇచ్చాను. అది మొదటిసారి తెరుచుకున్న రోజు మేడమ్ గారు నాకు ఫోన్ చేసి, అది చాపిన చేతుల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెప్పారు. ఆ గోరంతది ఏళ్ల మీద టిఫిన్ ప్లేటంత అయింది. పక్కన ఇంకా పగడాలు వచ్చాయి, రెండు నారింజరంగు చేపలు వచ్చాయి. కానీ ఆమె ప్రాణమంతా ఈ తోలు పగడం మీదే.

ఆమె భర్త రొయ్యల రైతు. కైకలూరు వైపు చెరువులు. ల్యాబులో ఉన్నప్పుడు ఆయన సీసాలు కూడా నేను పరీక్ష చేసినదాన్నే, అందుకని నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్య గారూ అనేదాన్ని. వయసు మీద పడి చెరువులు కౌలుకిచ్చేసి ఇంటికొచ్చేశారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. గట్ల మీద తిరిగిన మనిషి హాల్లో సోఫాలో కుదురుగా ఎలా కూర్చుంటాడు? నేను వెళ్లినప్పుడల్లా వెనకే నిలబడి, "దీని కౌంటు ఎంతుంటది చెల్లెమ్మా? మేత ఎన్ని పూటలు?" అని అడిగేవారు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. మేడమ్ గారు నవ్వి, "మీరు పేపరు చదువుకోండి" అనేవారు.

ఇంతలో మేడమ్ గారికి మోకాలి ఆపరేషన్ అయింది. వాళ్లది మెట్లెక్కే ఇల్లు కాబట్టి, కోలుకునేదాకా గుంటూరులో చెల్లెలి ఇంట్లో ఉండాలనుకున్నారు. ఆసుపత్రికి బయల్దేరే ముందు తొట్టి దగ్గర నిలబడి భర్తకి నా ఎదుటే చెప్పారు.

"ఏవండీ, దీన్ని మీరేం చెయ్యొద్దు. ఈ అమ్మాయి వచ్చి చూసుకుంటుంది. మీరు లైటు వెలుగుతోందా, పంపు తిరుగుతోందా చూడండి చాలు. చెయ్యి మాత్రం పెట్టకండి."

"అట్టాగేనే బాబూ. నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"చిన్నపిల్లలైతే మాట వింటారు" అన్నారు మేడమ్ గారు.

ఆమె వెళ్లాక నేను రోజు విడిచి రోజు వెళ్లేదాన్ని. సాయంత్రాలు ఆమె వీడియో కాల్ చేసేవారు. ఆయన ఫోన్‌ని అద్దానికి ఆనించి పట్టుకునేవారు. మొగుడి మొహం కంటే ముందు పగడం చూపించమనేవారు ఆవిడ. ఆయన ఉడుక్కునేవారు గానీ, ఆ వేళకి చొక్కా మార్చుకుని సిద్ధంగా ఉండేవారు.

ఒక రోజు తోలు పగడం ముడుచుకుంది. ఒంటి మీద మైనం పూసినట్టు పల్చటి పొర వచ్చింది. ఆ జాతికి అది మామూలే. పాత పొర వదిలించుకుని కొన్నాళ్లకి మళ్లీ తెరుచుకుంటుంది. ఆయన కంగారుపడుతుంటే, "భయం లేదన్నయ్య గారూ. మీ రొయ్య షెల్లు వదలదా? ఇదీ అంతే" అని చెప్పి వచ్చేశాను. ఆయన తలూపారు. మేడమ్ గారికి కూడా ఫోన్‌లో అదే చెప్పారు.

ఆమె ఇంటికి రావడానికి ముందు రోజు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోన్. గొంతులో సంతోషం.

"చెల్లెమ్మా, నీళ్లు రంగు కట్టినయ్!"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. "ఏ రంగు అన్నయ్య గారూ?"

"తెల్లగా. పాలు కలిపినట్టు. ఇంక ఆకుపచ్చ తిరుగుద్దిలే."

షాపు నుంచి మా పంపుల మేస్త్రీని ఆటోలో ఎక్కించుకుని గుణదల వెళ్లాను. మేస్త్రీది మంగళగిరి, మగ్గాల ఇల్లు. రోజూ బస్సులో వచ్చి పనిచేసేవాడు. ఏ గొట్టం ఎక్కడ కారుతోందో చెవి పెట్టి చెప్పగలడు, కానీ భూమి బద్దలైనా తొందరపడడు. దారంతా నేను తిట్టుకుంటూ ఉంటే, "ముందు చూద్దాం ఉండక్కా" అంటూ కూర్చున్నాడు.

తలుపు తియ్యగానే కల్లు కుండ మూత తీసినట్టు వాసన కొట్టింది. నీళ్లలో మురికిని నురుగుగా లాగే డబ్బా పొంగిపొర్లి, నురుగు నేల మీద సోఫా దాకా పాకింది. తొట్టి అద్దంలోంచి ఏమీ కనపడటం లేదు. రెండు చేపలూ పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

"ఏం పోశారు?" అన్నాను.

"ఎక్కువేం కాదు చెల్లెమ్మా. మనం చెరువులో వేసేదే. బెల్లం, తవుడు, ఈస్టు. పులియబెట్టి, వడకట్టి మరీ పోశా."

ఇక్కడ మీకు ఒక ముక్క చెప్పాలి. రొయ్యల చెరువులో నీళ్లు తేటగా ఉంటే రైతుకి నిద్ర పట్టదు. తేట నీళ్లంటే తిండి లేని నీళ్లు, అడుగున కలుపు పెరిగే నీళ్లు. చెరువు రంగు కట్టాలి. దానికోసమే బెల్లం, తవుడు పులియబెట్టి చల్లుతారు. ఆయన జన్మంతా తేట నీళ్లని చూసి దిగులుపడ్డ మనిషి. అలాంటిది హాల్లో కూర్చుని, పొద్దస్తమానం అద్దంలాంటి నీళ్లనీ, అందులో ముడుచుకుపోయిన భార్య పగడాన్నీ చూస్తూ ఉన్నారు. ఎన్నాళ్లు ఓర్చుకుంటారు? పగడాల తొట్టిలో బెల్లం పడితే కంటికి కనపడని పురుగు ఒక్కసారిగా పుట్టుకొచ్చి, నీళ్లలో ఉన్న ప్రాణవాయువంతా లాగేస్తుందని ఆయనకి ఎవరు చెప్పాలి?

అదంతా ఇప్పుడు తీరిగ్గా చెప్తున్నాను. అప్పుడు మాత్రం అగ్గి మీద గుగ్గిలం అయ్యాను.

"మేడమ్ చెయ్యి పెట్టొద్దన్నారా లేదా? నా ఎదురుగా అన్నారా లేదా? మీ చెరువు కాదండీ ఇది!"

"మీరేగా చెల్లెమ్మా షెల్లు వదులుద్దన్నారు! షెల్లు వదిలేటప్పుడు ఏమీ వెయ్యకుండా ఊరుకునే రైతు ఎవడన్నా ఉంటాడా?"

మేస్త్రీ నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగి గొట్టాలు విప్పడం మొదలుపెట్టాడు.

తొట్టిలో నీళ్లు ముప్పాతిక వంతు తీసి కొత్త ఉప్పునీళ్లు పొయ్యాలి. షాపులో ఉప్పు బస్తా అడుగంటింది. ఉన్నా, ఫిల్టరు మిషనులో అన్ని మంచినీళ్లు పట్టేసరికి మర్నాడవుతుంది. అప్పటిదాకా ఏదీ బతకదు. ఓనరు గారికి ఫోన్ చేశాను. ఆయన గొంతు తగ్గించారు.

"ఒక పని చెయ్యండి. మన షాపు తొట్టిలో అలాంటిదే తోలు పగడం ఉందిగా. అటూ ఇటూగా అదే సైజు. పట్టుకెళ్లి పెట్టెయ్యండి. రేపు ఆవిడ వస్తారు, చూసుకుంటారు, సంతోషిస్తారు. ఎవరికి నష్టం?"

ఫోన్ స్పీకర్లో ఉంది. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు అన్నయ్య గారే అందుకున్నారు.

"వద్దండీ. ఆవిడని మోసం చెయ్యలేను. చేసినా పట్టేసుద్ది. ఉన్నదాన్ని బతికించే దారి చూడండి." తర్వాత నా వైపు తిరిగారు. "నీళ్లేగా కావాలి? సముద్రపు నీళ్లైతే పనికొస్తయ్యా?"

"శుభ్రమైనవైతే పనికొస్తాయి. ఎక్కడున్నాయి?"

అప్పటిదాకా తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డ మనిషి ఒక్కసారి నిటారయ్యారు. రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీలు బాపట్ల అవతల సముద్రం ఒడ్డునే ఉంటాయి. సముద్రపు నీళ్లు వడగట్టి, క్లోరిన్‌తో శుద్ధి చేసి ట్యాంకుల్లో పెట్టుకుంటారు. జీవితమంతా వాళ్ల దగ్గర పిల్లలు కొన్న రైతు ఫోన్ చేస్తే ఎందుకు కాదంటారు?

"ఏరా అబ్బాయ్, నేనే. పిల్ల కాదురా ఇప్పుడు, నీళ్లు కావాల. ఉత్త నీళ్లే! డ్రమ్ముల్లో పోసి వ్యాను పంపించు. క్లోరిన్ లేకుండా చూడు. నవ్వమాక, అర్జెంటు."

ఫోన్ పెట్టేసి కింద గదిలోకి దిగారు. చెరువుల దగ్గర వాడిన పాత గాలి మిషను భుజాన వేసుకుని పైకి వచ్చారు. గొట్టాలు ఎక్కడ వెయ్యాలో, గాలి ఎంత వదలాలో ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది. కాసేపటికి చేపలు పైనుంచి కిందకి దిగాయి. మా మేస్త్రీ చేతులు కట్టుకుని చూస్తూ, "అక్కా, ఈయన్ని షాపులో పెట్టుకుందామా?" అన్నాడు నా చెవిలో.

మధ్యాహ్నం దాటాక వ్యాను వచ్చింది. నీళ్లు పరీక్ష చేశాను. క్లోరిన్ లేదు, ఉప్పు కొంచెం తక్కువగా ఉంది. షాపులో ఉన్న కాస్త ఉప్పూ తెప్పించి, కలిపి సరిచేశాను. పాల నీళ్లు పారబోసి కొత్త నీళ్లు నింపాం. ఆయన మెట్ల మీద బకెట్లు అందిస్తూ ఒక్కసారి కూడా కూర్చోలేదు. సాయంత్రానికి అడుగు కనపడింది. చిన్న పగడాలు ముడుచుకుని ఉన్నాయి గానీ ప్రాణంతో ఉన్నాయి. తోలు పగడం మాత్రం ఒక పక్కంతా మెత్తబడి, నల్లబడి కుళ్లిపోతోంది. అలా వదిలేస్తే తెల్లారేసరికి మిగతా పక్కకీ పాకుతుంది. బ్లేడుతో కుళ్లినంత మేరా కోసి తీసేశాను. టిఫిన్ ప్లేటులో సగం మిగిలింది. ఆ ముక్కల్ని కవర్లో వేశాను. ఆయన ఆ కవరు వైపు చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. "నెట్టు సరిగ్గా లేదే" అని ఆయన కట్ చేశారు. నన్ను చూసి, "రేపు నువ్వూ ఉండు చెల్లెమ్మా" అన్నారు. నన్ను 'మీరు' అనడం కూడా మర్చిపోయారు పాపం, అంత బెంగలో ఉన్నారు.

మర్నాడు నేనూ మేస్త్రీ ముందే వెళ్లి కూర్చున్నాం. మేడమ్ గారు చెల్లెలి కారులో వచ్చారు. వాకర్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. ఆయన చెయ్యి పట్టుకోబోతే, "నేనెక్కగలను" అన్నారు. లోపలికి వచ్చాక సోఫా దగ్గర ఆగలేదు, తిన్నగా తొట్టి దగ్గరికే నడిచారు. ఆయన అడ్డంగా నిలబడ్డారు.

"నేనే" అన్నారు. "బెల్లం నీళ్లు పోశాను. సగం పోయింది."

మేడమ్ గారు ఆయన్ని తప్పుకోమని సైగ చేసి, అద్దానికి దగ్గరగా వంగి చూశారు. చాలాసేపు చూశారు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

"ఎందుకు పోశారు?" అన్నారు చివరికి, వెనక్కి తిరక్కుండానే.

"నువ్వొచ్చేసరికి బాగా విచ్చుకుని, ఇంకా పెద్దదై ఉండాలని."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. తిరిగి చూస్తే నవ్వుతున్నారు, కళ్ల నిండా నీళ్లతో నవ్వుతున్నారు. "నెట్టు లేదన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. రాత్రంతా మొత్తం పోయిందనే అనుకున్నాను. సగం ఉందిగా, బతుకుతుంది" అన్నారు. కుర్చీ వేయించుకుని కూర్చుని, కొత్త బ్లేడు అడిగారు.

"ఇప్పుడే మళ్లీ కొయ్యడమెందుకు మేడమ్? తేరుకోనివ్వండి" అన్నాను.

"ఒక్కటే ఉంటే, అది పోతే మొత్తం పోయినట్టే. రెండు చోట్ల ఉంటే ఒకటైనా దక్కుతుంది."

ఆ మాట సబబే. ఆవిడే బాగున్న అంచు నుంచి ఒక చిన్న ముక్క కోశారు. మెత్తటి పగడం రాయికి జిగురుతో నిలవదు, కట్టాలి. మా మేస్త్రీ జేబులోంచి రంగు వెయ్యని నూలు పోగు తీశాడు. మగ్గం మీద తెగిన పోగు అతికే ముడి వేసి, నలగకుండా, జారకుండా ఆ ముక్కని చిన్న రాయికి కట్టాడు. మేడమ్ గారు దాన్ని తొట్టిలో ముందు వైపు పెట్టించి, భర్త వైపు తిరిగారు.

"ఇది మీది. మీరే పెంచండి."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. "నాకొద్దే. మళ్లీ చంపుతా."

"చంపరు."

"మరి దీనికేం వెయ్యాల?"

"ఏమీ వెయ్యొద్దు."

"ఏమీ వెయ్యకుండా ఎట్టా పెంచుతారే ఎవరైనా?"

"చూస్తూ పెంచుతారు" అన్నారు ఆవిడ. అంతే, ఇంక ఆ బెల్లం సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనైతే ఏడాది పాటు సాధించేదాన్ని.

తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆయన నా వెంట తిరగలేదు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆ చిన్న ముక్కని చూస్తూ ఉండేవారు. అది ముడుచుకునే ఉండేది. పక్కన పెద్దదీ ముడుచుకునే ఉండేది. ఆయన చేతులు ఊరుకోవడానికి ఎంత కష్టపడుతున్నాయో నాకు తెలుస్తూనే ఉండేది. నిజం చెప్పాలంటే, రెండిటి మీదా నాకు పెద్ద ఆశ లేదు.

ఒక రోజు నేను నీళ్లు పరీక్ష చేస్తుంటే ఆయన నా చెయ్యి మీద తట్టారు. వేలు చూపించారు. ఆయన ముక్క మీద, నూలు పోగు పక్కనే, ఆవగింజంత చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి. మేడమ్ గారు వాకర్ కూడా లేకుండా గోడ పట్టుకుని వంటింట్లోంచి వచ్చేశారు.

"ఎంత సరుకు పెంచాను చెల్లెమ్మా" అన్నారు ఆయన, గొంతు బాగా తగ్గించి. "అంతా లారీ ఎక్కించడానికే పెంచాను. ఉంచుకోవడానికి పెంచింది ఇదొక్కటే."

కళ్లు తుడుచుకుంటూ అద్దానికి అడ్డంగా నిలబడిపోయారు.

"జరగండి, నాకు కనపడట్లేదు" అన్నారు మేడమ్ గారు.

ఆయన ఇంకో కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నారు.